మేత భూముల్లో కంచె: కజియాడో లీజు గురించి అడిగినవారికి

మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. నైరోబీకి దక్షిణాన కజియాడోలో 150 ఎకరాలు లీజుకు తీసుకుంటున్నారు. ఆవులు, మేకలు పెంచాలని ఆలోచన. చుట్టూ కరెంటు కంచె వేసేస్తే సింహాల భయం, జీబ్రాలు గడ్డంతా మేసేస్తాయన్న బాధ, పక్కవాళ్ల మందలు లోపలికొస్తాయన్న టెన్షన్ ఒక్క దెబ్బకు పోతాయని మీ లెక్క. పక్క భూమి పెద్దాయన, అక్కడి పశువుల కాపరులైన మసాయి తెగవాడు, కంచె వద్దంటున్నాడు. ఇంటర్నెట్‌లో చూస్తే ఆఫ్రికాలో కంచెల వల్ల జంతువులు చచ్చిపోతున్నాయని కనబడింది. ‘ఎవరి చోటు వాళ్లది అయితే జంతువుకీ పశువుకీ మంచిదే కదా?’ అని అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. బోట్స్వానాలో పదకొండేళ్లు, తర్వాత కెన్యాలో తొమ్మిదేళ్లు చేశాను. క్లుప్తంగా చెప్పాలంటే, రాత్రి పశువుల్ని పెట్టే దొడ్డికి ఎంత గట్టి కంచె వేయగలిగితే అంత గట్టిది వేయండి. 150 ఎకరాల చుట్టూ వేసే ముందు మాత్రం ఇది మొత్తం చదవండి. ఇంకో మాట. ఆ పెద్దాయన దిగులు జీబ్రాల కోసమని మీరనుకుంటున్నారు. నాకైతే ఆయన తన ఆవుల గురించి మాట్లాడుతున్నాడని అనిపిస్తోంది.

ఎందుకంటే అక్కడి వాన మనకు అలవాటైన వాన కాదు. ఒక మబ్బు వచ్చి ఒక గుట్ట పక్కన కురిసి పోతుంది. పది కిలోమీటర్ల అవతల దుమ్ము లేస్తూనే ఉంటుంది. వచ్చే ఏడాది అది తారుమారు కావచ్చు. అందుకే అక్కడ ఏ ఒక్క చోటా ఏడాది పొడుగునా మేత దొరకదు. వైల్డెబీస్ట్ (మందలుగా వలసపోయే పెద్ద జింక జాతి జంతువు), జీబ్రా, మసాయి ఆవు, మూడూ బతికేది ఒకే పద్ధతిలో: వాన పడ్డ చోటికి నడిచి వెళ్లడం, అక్కడ గడ్డి అయిపోతే నీళ్లున్న చోటికి రావడం. పాలమూరు కాపరులు గొర్రెల మందల్ని తోలుకుని నల్లమల వైపో, కృష్ణా ఆయకట్టు వైపో నెలల తరబడి పోవడం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ దారిలో ఒక తీగ అడ్డం కడితే ఏమవుతుందో బోట్స్వానా చూపించింది.

అక్కడ కుకే కంచె అని ఒకటుంది. 1958లో వేశారు. కలహరి ఎడారి మధ్యలో, ఇప్పటి సెంట్రల్ కలహరి గేమ్ రిజర్వ్ ఉత్తర హద్దు వెంట, తూర్పు పడమరలుగా పోతుంది. కారణం గాలికుంటు వ్యాధి. మన ఊళ్లో కూడా ఉన్నదే, నోట్లో పుళ్లు, గిట్టల మధ్య పుళ్లు, పాలు పడిపోవడం. మన పశువు దానితో చచ్చిపోవడం తక్కువ. కానీ మాంసం ఎగుమతి చేసే దేశానికి అది ప్రాణాంతకం, ఎందుకంటే ఆ రోగం ఉన్న ప్రాంతపు మాంసాన్ని యూరప్ కొనదు. ఆఫ్రికాలో ఈ వైరస్‌ను ఒంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేది అక్కడి అడవి బఫెలో. దానికేమీ కాదు, పక్కన మేసిన ఆవుకు అంటుకుంటుంది. కాబట్టి దేశాన్ని తీగలతో గళ్లు గళ్లుగా విడగొట్టి, రోగం లేని గడుల నుంచి మాంసం పంపుదామని పథకం. యూరప్‌తో కుదిరిన 1975 లోమే వాణిజ్య ఒప్పందంతో బోట్స్వానాకు అక్కడ ఏటా 18,916 టన్నుల ఎద్దుమాంసం కోటా వచ్చింది, సుంకంలో దాదాపు 90 శాతం తగ్గింపుతో. అలాంటి బేరం చేతిలో ఉంటే ఏ ప్రభుత్వమైనా కంచె వేస్తుంది. వాళ్లను తప్పుపట్టడం తేలిక, ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ వేసేవాణ్ణేమో.

నేను మొదటిసారి కుకే గేటు దాటింది ఉత్తరాన ఉన్న మౌన్ నుంచి దక్షిణాన ఉన్న గాంజీ ఊరికి వెళ్తూ. రోడ్డుకడ్డంగా గేటు, పక్కన ఒక రేకుల గది. జీపు చక్రాలు సోడా కలిపిన నీళ్ల గుంటలోంచి పోనివ్వాలి. మనుషులు దిగి అదే నీళ్లలో తడిపిన గోనెపట్టా మీద చెప్పులతో నిలబడాలి. తర్వాత ఐస్ డబ్బా తెరిపించారు. మౌన్‌లో కొన్న రెండు కిలోల ఎద్దుమాంసం ఉంది. పచ్చి మాంసం దక్షిణానికి పోవడానికి వీల్లేదు, ఇక్కడ వదిలేయండి, లేదంటే వండుకోండి అన్నాడు గార్డు నవ్వుతూ. పశువైద్యుణ్ణై ఉండి ఆ నియమం నాకు గుర్తులేదు, సిగ్గేసింది. గంటసేపు రోడ్డు పక్కన మంట వేసి, ఉప్పు మాత్రం చల్లి కాల్చాం. అది కాలుతున్నంతసేపూ నేను కంచెనే చూస్తూ కూర్చున్నాను. ఛాతీ ఎత్తు, ఐదారు తీగలు, పదడుగులకో గుంజ. అంతే. ఏనుగుకు అది లెక్కలోకి రాదు. కుడూ, ఈలాండ్ లాంటి పెద్ద జింకలు అమాంతం దూకేస్తాయి. అక్కడి అడవిపంది వార్ట్‌హాగ్ కింద గుంత తవ్వుకుని పోతుంది. కానీ కంచె దక్షిణం వైపున నేల మీద జానెడు లోతున నున్నగా అరిగిపోయిన బాట ఒకటి కనిపించింది, కనుచూపు మేర తీగ పక్కనే పోతూ. దూకడం రాని జంతువుల దారి అది.

వైల్డెబీస్ట్ దూకదు. తీగ తగిలితే ఆగి, తీగ వెంట నడుస్తుంది, ఎక్కడో చివర దొరుకుతుందని. 1980ల మొదట్లో కలహరిలో కరువొచ్చింది. వేల వైల్డెబీస్టులు, వాటి జాతివే అయిన హార్టెబీస్టులు ఎప్పటిలా నీళ్ల కోసం ఉత్తరానికి కదిలాయి, కుకే దగ్గర ఆగిపోయాయి. తీగ వెంట తూర్పుకు నడిచి నడిచి జావ్ సరస్సు అనే చోటికి చేరాయి. అక్కడ నీళ్లు ఉన్నాయి, కానీ చుట్టూ ఊళ్లు, ఊళ్ల పశువులు. ఒడ్డున గడ్డిపోచ లేదు. గడ్డి పదుల కిలోమీటర్ల వెనక. నీళ్లు తాగి మళ్లీ గడ్డికి, గడ్డి నుంచి మళ్లీ నీళ్లకు. 1983లో ఆ ఒక్క సరస్సు చుట్టుపక్కలే సుమారు 50 వేల వైల్డెబీస్టులు చచ్చిపోయాయని అప్పట్లో అక్కడ పనిచేసినవారి అంచనా. దాహంతో కొన్ని, ఆకలితో కొన్ని, అలిసిపోయి ఎక్కువ. అంతకుముందు 1964లోనూ ఇలాగే పెద్ద చావు జరిగింది.

ఇది పూర్తిగా కంచె పాపమేనా? కాదు. కరువు ఉంది. నీటి ఒడ్డున పశువులు పెరిగిపోయాయి. 1970ల మధ్యలో మంచి వానలకు వైల్డెబీస్ట్ సంఖ్య కూడా మామూలు కంటే పెరిగిందని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో పస లేకపోలేదు. కానీ కంచె వేయకముందూ కరువు వచ్చింది. అప్పుడు ఉత్తరపు నీళ్లకు దారి తెరిచి ఉంది. నన్ను వృత్తిపరంగా బాధపెట్టేది ఇంకొకటి: గాలికుంటు వైరస్‌ను ఏళ్ల తరబడి దాచుకునే జంతువు వైల్డెబీస్ట్ కాదు, బఫెలో. ఎవరిని ఆపాలో వాళ్లను ఆపడానికి వేసిన తీగకు ఎవరో చచ్చిపోయారు.

పశువుల మాటేమిటి, కంచె వాటికైనా లాభమైందా అంటే, కంచెకు ఏ వైపున ఉన్నారన్న దాన్నిబట్టి. దక్షిణపు రైతుకు యూరప్ ధర. ఉత్తరాన ఒకవాంగో డెల్టా దగ్గరి రైతుకు, నాణ్యమైన ఎద్దే అయినా, ఊరి ధర. నమీబియాలో ఇంకా స్పష్టంగా చూడొచ్చు. 1896-97లో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి వచ్చినప్పుడు జర్మన్ వలస పాలకులు గీసిన గీత నుంచి పుట్టిన ‘రెడ్ లైన్’ కంచె ఇప్పటికీ దేశాన్ని అడ్డంగా కోస్తోంది. దేశ జనాభాలో సగానికి పైగా దాని ఉత్తరాన ఉంటారు. వాళ్ల పశువు మామూలుగా దక్షిణపు మార్కెట్‌కు రాదు. రిండర్‌పెస్ట్ 2011లో ప్రపంచం నుంచే పోయింది, తీగ పోలేదు.

పైగా కంచె ఉంటే రోగం రాదన్న ధీమా కూడా మంచిది కాదు. 1995లో బోట్స్వానా వాయవ్యాన ఆవులకు ఊపిరితిత్తుల అంటురోగం సరిహద్దు దాటి వచ్చింది. దాన్ని తెచ్చింది అడవి జంతువులు కాదు, ఆవులే. హడావుడిగా కొత్త కంచెలు వేశారు, ఫలితం లేక చివరికి ఆ జిల్లాలో ఉన్న సుమారు 3 లక్షల 20 వేల పశువుల్నీ చంపేశారు. నేను అక్కడికి చేరింది ఆ తర్వాత. దొడ్లు ఉన్నాయి, ఆవులు లేవు. నష్టపరిహారం వచ్చింది కానీ, పెళ్లికి ఇవ్వాల్సిన ఆవు స్థానంలో నోట్ల కట్ట ఇవ్వాల్సి రావడం తనకు ఇప్పటికీ మింగుడు పడదని ఒక ముసలాయన చెప్పాడు.

ఇక మీకు ధైర్యం కలిగించే కథ ఒకటి. ఒకవాంగో నుంచి మక్గాడిక్గాడి ఉప్పు మైదానాలకు జీబ్రాల పాత వలస దారికి అడ్డంగా 1968లో ఒక కంచె పడింది. 2004లో తీసేశారు. ముప్పై ఆరేళ్లు. అన్నేళ్లు బతికే జీబ్రా అడవిలో ఉండదు, అంటే ఆ దారి నడిచిన జీబ్రా ఒక్కటి కూడా మిగల్లేదు. అయినా కొన్నేళ్లకే మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి చూస్తే, కొన్ని జీబ్రాలు మళ్లీ ఆ వలస పోతున్నాయి, రానూ పోనూ 588 కిలోమీటర్లు. ఎలా కనుక్కున్నాయో ఎవరికి తోచిన వివరణ వాళ్లు ఇచ్చారు. పచ్చగడ్డి ఆనవాళ్లు పట్టుకుంటూ పోయాయన్నది నాకు నమ్మబుద్ధయ్యే వివరణ. కుకే వైల్డెబీస్టులకు ఆ అదృష్టం పట్టలేదు.

కెన్యాకు వద్దాం, ఎందుకంటే మీ భూమి ఉన్నదక్కడే. అక్కడ కథ వేరు. ప్రభుత్వం వేసిన వందల కిలోమీటర్ల తీగ కాదు, ఒక్కో కుటుంబం వేసుకున్న ఒక్కో ముక్క. 1968 చట్టంతో మసాయి భూములు ‘గ్రూప్ రాంచ్’లుగా ఉమ్మడి పట్టా అయ్యాయి. 1980ల నుంచి వాటిని ముక్కలు చేసి ఇంటింటికీ పంచారు. పట్టా చేతికొచ్చాక ఒకడు అమ్ముకుంటాడు, కొన్నవాడు కంచె వేస్తాడు. అది చూసి పక్కవాడు, తన గడ్డిని ఊరంతా మేసి పోతుంటే ఊరుకోలేక, తనూ వేస్తాడు. అందులో ఎవరి తప్పూ లేదు. నా తమ్ముడైనా అదే చేస్తాడు. కానీ కలిపి చూస్తే, నైరోబీ నేషనల్ పార్కు దక్షిణాన ఉన్న ఆతి-కపుటియై మైదానాల్లో 1978లో సుమారు 27 వేలున్న వలస వైల్డెబీస్టులు 2011కల్లా 3 వేల లోపుకు పడిపోయాయి. క్వారీలు, రోడ్లు, ఇళ్లు, వేట కూడా కారణాలే. అయినా ఆ పార్కు వైశాల్యం 117 చదరపు కిలోమీటర్లే, మూడు వైపులా కంచె. ఊపిరాడేది దక్షిణం వైపు నుంచే. మీ 150 ఎకరాలు ఆ వైపు దారిలో పడితే, ఆ ముక్క ఎంత చిన్నదని మీరనుకున్నా, అది తలుపుకు వేసిన గడియ లాంటిదే.

ఇప్పుడు పెద్దాయన ఆవుల సంగతి. వైల్డెబీస్ట్ ఈనే కాలంలో, అంటే జనవరి చివరి నుంచి మార్చి దాకా, మసాయి వాళ్లు తమ మందల్ని ఆ మైదానాల నుంచి దూరంగా తోలుకుపోతారు. కారణం ఒక హెర్పిస్ వైరస్. చిన్న వైల్డెబీస్ట్ దూడల ముక్కు, కంటి స్రావాల్లో ఉంటుంది, వాటికేమీ చేయదు. ఆవుకు సోకితే కళ్లు తెల్లబడి, ముక్కు పుచ్చి, దాదాపు ఖాయంగా చావే. నా చేతుల్లో పోయిన ఆవుల్లో ఎక్కువ ఈ రోగంవే, వైద్యం అంటూ చేయగలిగింది ఏమీ లేదు. మసాయికి తెలిసిన మందు ఒక్కటే, నడిచి వెళ్లిపోవడం. చుట్టూ కంచెలు పడితే ఆ మందు కూడా చేజారిపోతుంది. వైల్డెబీస్టులు తక్కువైపోయిన చోట ఈ రోగమూ తగ్గింది కదా అని ఒక కుర్ర ఇంజినీరు నాతో అన్నాడు. నిజమే. కానీ కరువు తగ్గలేదు. కరువొచ్చినప్పుడు తెరిచున్న భూమిలో ఆవు ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడిచి గడ్డి అందుకుంటుంది. ముక్కలైన భూమిలో తన ముక్కలోనే నిలబడి చిక్కిపోతుంది.

బోట్స్వానా దీన్నే పెద్ద ఎత్తున చేసి చూసింది. 1975 మేత భూముల విధానం కింద 8 కిలోమీటర్ల భుజంతో చదరపు గడులు, 6,400 హెక్టార్ల చొప్పున కంచె రాంచ్‌లు ఇచ్చారు. ఉమ్మడి భూముల మీద భారం తగ్గుతుందనుకున్నారు. పెద్ద రైతులు ఏం చేశారంటే, తమ గడిలో గడ్డి అయిపోయాక మందను తీసుకెళ్లి ఊరి ఉమ్మడి భూమిలో వదిలారు. చిన్న రైతు మాత్రం వాళ్ల కంచె లోపలికి పోలేడు. పెద్దాయన మిమ్మల్ని చూసి భయపడేది సరిగ్గా ఇందుకే అయ్యుండొచ్చు.

కరెంటు కంచె గురించి విడిగా అడిగారు కాబట్టి రెండు విషయాలు. ఏనుగుకు త్వరలోనే తెలిసిపోతుంది, దంతానికి షాక్ తగలదని. దంతంతో తీగ పట్టి లాగడం, గుంజను తోసేయడం మగ ఏనుగులకు అలవాటవుతుంది. అది విప్పిన సందులోంచే బఫెలోలు దాటుతాయి, గాలికుంటు లెక్కంతా అక్కడే తప్పుతుంది. రెండోది, నేను కళ్లారా చూసి ఇప్పటికీ మరిచిపోలేనిది. మనం అలుగు అంటామే, ఒంటి నిండా పొలుసులుండే జంతువు, అక్కడిది వెనక రెండు కాళ్ల మీద నడుస్తూ పోతుంటే కింది తీగ మెత్తటి పొట్టకు తగులుతుంది. భయపడ్డ అలుగుకు తెలిసింది ఒక్కటే, చుట్టుకుపోవడం. తీగ మధ్యలో పెట్టుకుని చుట్టుకుంటుంది. సెకనుకో షాక్. ఎంత కొడితే అంత బిగుసుకుంటుంది. తెల్లారి కరెంటు ఆపి మేం ఆ బంతిని విప్పేసరికి ప్రాణం లేదు, పొలుసుల కింద తీగ గుర్తు నల్లగా ఉంది. తాబేళ్లూ ఇలాగే పోతాయి. ఇవి రెండూ ఎవరి గడ్డీ మేయవు, ఎవరి ఆవునూ తినవు.

తీగ తర్వాత ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించండి. జింబాబ్వేలో సేవ్ వ్యాలీ అనే చోట చుట్టూ వేసిన కంచె తీగనే కోసుకెళ్లి ఉచ్చులు చేశారు. 2001 నుంచి 2009 వరకు అక్కడ 80 వేలకు పైగా ఉచ్చులు తీసేశారు. కాపలాకు డబ్బు లేని కంచె అంటే వేటగాడికి మీరు తెచ్చిచ్చిన సరుకే.

అన్ని కంచెలూ చెడ్డవని నా వాదన కాదు. కెన్యాలోనే అబర్డేర్ కొండల చుట్టూ 1989 నుంచి 2009 దాకా ఇరవై ఏళ్లు పట్టి 400 కిలోమీటర్ల కరెంటు కంచె వేశారు. లోపల అడవి, బయట తేయాకు, బంగాళాదుంప వేసే చిన్న రైతులు. ఏనుగు రాత్రి చేలోకి రావడం తగ్గాక, ఆ రైతులే కంచెకు కాపలా అయ్యారు. అది పనిచేయడానికి కారణం, అక్కడ వాన ఎక్కువ, అడవికీ పొలానికీ గీత ముందే ఉంది, కంచె దాని మీదే నిలబడింది. సింహాల విషయంలో కూడా కంచె ఉన్న పార్కుల్లోనే అవి ఎక్కువ సాంద్రతతో బతుకుతున్నాయని 2013లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, అదే ఏడాది దాన్ని ఖండిస్తూ ఇంకో బృందం రాసింది. చిన్న పార్కును, బాగా డబ్బున్న పార్కును పెద్ద బీద పార్కుతో పోలిస్తే అలాగే కనిపిస్తుందని వాళ్ల మాట. నాకు రెండో వాదనే నచ్చింది. అయితే నేను సింహాల మనిషిని కాను.

ఇక మీ లెక్క చూద్దాం. 150 ఎకరాలు చదరంగా ఉన్నా చుట్టుకొలత 3 కిలోమీటర్లు దాటుతుంది. అంత తీగ, గుంజలు, బ్యాటరీ, సోలార్ ప్యానెల్, రోజూ తీగ వెంట తిరిగే మనిషి జీతం. దాని లోపల, నా అనుభవంలో ఆవుకు పది ఎకరాల చొప్పున చూసుకున్నా, మంచి ఏడాదిలో పదిహేను ఆవులు. చెడ్డ ఏడాదిలో ఎలాగూ బయటికి తోలాల్సిందే, అప్పుడు పక్కవాళ్ల భూమి కావాలి. అదే 30 మీటర్ల అడ్డంతో గుండ్రటి దొడ్డి కట్టండి, వంద మీటర్లలోపు కంచె చాలు. మనిషెత్తు దాటిన చైన్‌లింక్ జాలీ, అడుగు భాగం నేలలోకి పాతి, బయట ముళ్లకంప. సింహం, హైనా పశువును పట్టేది ఎక్కువగా రాత్రి పూట, బలహీనమైన దొడ్డిలోంచే. టాంజానియాలో జాలీని బతికున్న చెట్ల కొమ్మలకు కట్టి పెంచుతున్నారు, గుంజలకు చెద పట్టే బాధ లేదు. నైరోబీ పార్కు పక్కన రిచర్డ్ టురేరే అనే మసాయి కుర్రాడు పదకొండేళ్లప్పుడే పాత కారు బ్యాటరీ, మోటార్‌సైకిల్ ఇండికేటర్‌తో మిణుకుమిణుకుమనే దీపాలు అమర్చి, దొడ్డి చుట్టూ ఎవరో తిరుగుతున్నట్టు సింహాన్ని భ్రమపెట్టాడు. ఖర్చు కూడా పెద్దగా కాదు.

దొడ్డిని కొన్నేళ్లకోసారి జరపండి. మన ఊళ్లో పొలంలో గొర్రెల మంద కట్టించుకుని రైతు కాపరికి డబ్బిచ్చేవాడు గుర్తుందా, ఎరువు కోసం? అక్కడా అంతే. కెన్యాలోనే లైకిపియా అనే ప్రాంతంలో మసాయి వాళ్లు వదిలేసిన పాత దొడ్ల చోట పదుల ఏళ్ల తర్వాత కూడా చుట్టుపక్కల కంటే మంచి గడ్డి మొలుస్తుంది, అడవి జంతువులు వెతుక్కుని అక్కడే మేస్తాయి.

ఇంకా హద్దు కంచె వేయాల్సిందేనంటే, పాలిచ్చే ఆవులకూ దూడలకూ ఒక పదెకరాలు మాత్రం వేయండి. మసాయి వాళ్లు కూడా దూడల కోసం కొంత గడ్డి విడిగా కాపాడుకుంటారు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కింది తీగను నేలకు దగ్గరగా పెట్టకండి, దానికి కరెంటు అసలే ఇవ్వకండి. ఎనర్జైజర్ (కరెంటును చిన్న చిన్న షాక్‌లుగా మార్చే పెట్టె) లేకుండా మెయిన్ లైను నేరుగా తగిలించే పని మన దగ్గర అడవిపందుల కోసం చేసి మనుషులే చచ్చిపోవడం పేపర్లో చూస్తూనే ఉన్నాం, ఆ ఊహ కూడా వద్దు.

లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఆ పెద్దాయన్ని జీపెక్కించుకుని నాలుగు హద్దులూ ఒకసారి తిరగండి. టీ ఫ్లాస్కు తీసుకెళ్లండి, సగం రోజు పడుతుంది. ఎక్కడ ఆపి ‘ఎండాకాలం మా ఆవులు ఇటే పోతాయి’ అంటాడో, ఆ వైపు గుంజ పాతకండి.